మిషన్ మాట, ల్యాబ్ మాట

ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు పొద్దున్నే పోయే బస్సులో పరగడుపున కూర్చున్నవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. "టీ ఒక్కటే తాగినా, ఇంకేం తినలా" అనేవాళ్లు వాళ్లలోనే ఒకరు. టీలో పాలూ చక్కెరా ఉన్నాయి గదా అంటే, అది తిండి కిందికి రాదంటారు. ల్యాబ్‌లో నెత్తురిచ్చి, కాగితం చేతికొచ్చాక అసలు పంచాయితీ మొదలవుతుంది. తెల్లారి ఇంట్లో షుగరు మిషన్ 118 చూపింది, ల్యాబ్ వాళ్లేమో 132 రాశారు. ఎవరిది అబద్ధం?

నేను డాక్టర్ని కాను. షుగరున్న ఇంట్లో పుట్టి, ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన రాసిపెట్టడం అలవాటైనవాణ్ణి. ఎవరొచ్చి అడిగినా నా మొదటి ప్రశ్న ఒకటే: ఎన్నింటికి పొడుచుకున్నావు, ఎన్నింటికి నెత్తురిచ్చావు? ఐదున్నరకు ఇంట్లో, తొమ్మిదికి ల్యాబ్‌లో అంటారు. మనం తినకపోయినా కాలేయం ఊరుకోదు, తెల్లవారుజాము నుంచి తనంతట తానే గ్లూకోజు వదుల్తుంటుంది. బస్సు దూరమున్న ఊళ్లలో సగం తగాదా ఈ మూడున్నర గంటలదే. మిషన్‌ని సంచిలో వేసుకుపోయి, ల్యాబ్‌లో సూది గుచ్చే ముందు అక్కడే వేలు పొడుచుకుంటే అది సరైన పోలిక.

అప్పుడు కూడా రెండూ ఒకటే రావు. రావాలని ఎవరూ అనలేదు. 2013 నాటి ఐఎస్ఓ 15197 ప్రమాణం ప్రకారం షుగరు 100 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే ల్యాబ్ అంకెకు 15 శాతం అటూ ఇటూ, అంతకంటే తక్కువుంటే 15 మిల్లీగ్రాములు అటూ ఇటూ చూపొచ్చు. నూటికి 95 సార్లు ఈ హద్దులో ఉంటే మిషన్ పాసైనట్టే. (మిగిలిన ఐదు సార్లు మన అదృష్టం.) ల్యాబ్‌లో 132 వస్తే మిషన్ 113 చూపినా, 151 చూపినా తప్పు పట్టలేం. 118కి అంత రభస అక్కర్లేదు. ఇంకో సంగతి, పోలిక పరగడుపునే పెట్టుకోవాలి. తిన్నాక వేలికొసలోని నెత్తురులో షుగరు, చేతి సిరలో కంటే 20, 30 ఎక్కువుండటం మామూలే.

తేడా వస్తే మనవాళ్లు ముందు మిషన్‌నే తిడతారు. ల్యాబ్ గొట్టంలో ఏం జరుగుతుందో ఎవరూ అడగరు. తీసిన నెత్తురులో కణాలు ఇంకా బతికే ఉంటాయి, గ్లూకోజు తింటూనే ఉంటాయి. మామూలు వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. అందుకే షుగరు పరీక్షకు బూడిదరంగు మూత గొట్టం వాడతారు. అందులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోరు నీళ్లలో దిగి పళ్లనూ ఎముకలనూ పాడుచేసిన ఫ్లోరైడ్ ఆ గొట్టంలో మాత్రం కణాల తిండికి అడ్డం పడి మేలు చేస్తుంది. అదీ వెంటనే కాదు, పూర్తిగా పనిచేయడానికి గంటో రెండు గంటలో పడుతుంది. ఇంటికొచ్చి నెత్తురు తీసుకుని, మే నెల ఎండలో ఇంకో నాలుగిళ్లు తిరిగి ల్యాబ్‌కు చేర్చితే ఆ అంకె అసలు కంటే తగ్గి ఉండొచ్చు.

మిషన్ వైపు తప్పుల్లేవని కాదు. స్ట్రిప్పులు చాలావాటికి 30 డిగ్రీలు దాటిన వేడి పడదు. మా మెట్టలో ఎండాకాలం రేకుల ఇంట్లో రాత్రిపూటా అంత వేడే. డబ్బా మూత తీసి పెడితే తేమ పడుతుంది. మామిడిపండు ఒలిచిన వేలిని కడుక్కోకుండా పొడిస్తే మనది కాదు, పండు షుగరు కనిపిస్తుంది. ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కేవాళ్లలాగా వేళ్లు కాయలు కాచినవాళ్లు చుక్క రాక గట్టిగా పిండుతారు. కొస మీద కాకుండా పక్కన పొడుచుకుంటే ఆ తిప్పలు కొంత తగ్గుతాయి.

అన్నిటికంటే పెద్ద తగాదా మూడు నెలల టెస్టుతో, అదే హెచ్‌బీఏ1సీతో. "రోజూ పొద్దున 120 దాటలా, అందులో 8 ఎట్టొచ్చిందబ్బయ్యా? వాళ్ల మిషనే చెడిపోయుంటుంది" అని మా పెద్దమ్మ. హెచ్‌బీఏ1సీ 8 అంటే సగటు షుగరు 183 దగ్గర ఉన్నట్టు. ఆమె నోటుబుక్కు తిప్పి చూశాను. అన్నీ పొద్దుటి అంకెలే, తిన్నాక చూసుకున్నది ఒక్కటీ లేదు. స్ట్రిప్పులు ఊరికే రావు గదా, మంచి అంకె వస్తుందని తెలిసిన వేళకే ఖర్చు పెడుతోంది. ఇట్లాంటివాళ్లు చాలామందే ఉన్నారని నా అనుమానం.

"రేపు పొద్దున వద్దు పెద్దమ్మా, మధ్యాహ్నం సంగటి తిన్న రెండు గంటలకు చూడు" అన్నాను. 236. మర్నాడు 221.

డాక్టరు పొద్దుటి పేజీలు తిప్పేసి ఆ రెండు అంకెల దగ్గరే ఆగాడు. మందు మార్చబోయి, ఆమె కింది కనురెప్ప లాగి చూసి హిమోగ్లోబిన్ పరీక్ష కూడా రాశాడు. నెత్తురు పల్చగా ఉంటే ఇంటి మిషన్ ఎక్కువ చూపుతుంది. ఆ లోపం ఇనుము లేక వచ్చిందైతే మూడు నెలల టెస్టు కూడా ఉన్నదానికంటే ఎక్కువే చూపుతుంది. హిమోగ్లోబిన్ ఎంతో తేలిందాకా ఆ 8నీ, 236నీ కూడా పూర్తిగా నమ్మేది లేదన్నాడు.