ఉత్కంఠ: శబ్దము, అర్థము, కావ్యప్రయోజనము

నేటి విమర్శగ్రంథములయందును పరిశోధనవ్యాసములయందును తరచుగా కనవచ్చు మాటలలో 'ఉత్కంఠ' యొకటి. కవి కథను ఉత్కంఠభరితముగా నడపినాడను వాక్యము లేని కథాకావ్యసమీక్ష అరుదు. ఇది ఇంగ్లీషునందలి 'సస్పెన్సు' అను పదమునకు ప్రతిపదముగా చెల్లుచున్నదని అందరికి తెలిసినదే. కాని అది సరియైన ప్రతిపదమగునా, అగునేని ఏ యర్థమున అగును, ఆ యర్థమును మన కావ్యములకు అన్వయించినచో ఏమి తేలును అని ప్రశ్నించుకొన్నవారు తక్కువ. ఈ యుపేక్షవలన రెండు భావములు విమర్శలో పాతుకొనిపోయినవి. కథాంతము ముందే తెలిసియుండుటచే పురాణేతిహాసకావ్యములలో ఉత్కంఠకు చోటు లేదనుట ఒకటి. కళాపూర్ణోదయము ఉత్కంఠకు పరమోదాహరణమనుట మరియొకటి. రెండును పొసగవని మా యభిప్రాయము. రెంటికిని మూలమొక్కటే: తెలియకపోవుటయే ఉత్కంఠ యని తలచుట.

మొదట శబ్దమును చూతము. 'సస్పెన్సు' అను పదము వ్రేలాడదీయుట యను అర్థము గల లాటిను ధాతువునుండి పుట్టినది. కథలకు రాకముందు ఇది న్యాయస్థానములయందును లెక్కలయందును ఉన్న మాట. ఒక హక్కు కొంతకాలము అమలులో లేక నిలిచియుండుటకు ఈ పదమును వాడినారు. మన కార్యాలయములలో ఉద్యోగిని సస్పెండు చేసిరనుటలోను ఈ యర్థమే నిలిచియున్నది. అతడు ఉద్యోగమున లేడు, ఉద్యోగము పోలేదు. పద్దుపుస్తకములలోని 'సస్పెన్సు ఖాతా'ను మనవారు అనామతు ఖాతా యందురు. ఈ ఖాతా మా వాదమునకు మిక్కిలి పనికివచ్చునది. దానియందు వ్రాసిన మొత్తము దమ్మిడీతో సహా తెలిసినదే. అది ఏ పద్దునకు చేరవలెనో తేలలేదు, అంతియే. వ్రేలాడుచున్న వస్తువు కంటికి స్పష్టముగా కనబడుచునే యుండును. అది చోటు చేరకపోవుటయే మన కలతకు కారణము.

ఇక ఉత్కంఠ. మెడ పైకెత్తుట ఈ శబ్దముయొక్క అవయవార్థము. దూరమున ఉన్నదానికొరకు మెడ నిక్కించి చూచువాని భంగిమ ఇందున్నది. అమరకోశము నాట్యవర్గమున దీనికి ఉత్కలిక యను పర్యాయమును చెప్పినది. ఇష్టవస్తువునెడ గల తీవ్రమైన తలపు, బెంగ, దీని రూఢ్యర్థము. మేఘసందేశమున యక్షుడు తన యెడబాటున భార్య పడు ఉత్కంఠను ఊహించుకొనును. శాకుంతలము నాల్గవ యంకమున కణ్వుని హృదయమును తాకినది ఉత్కంఠయే. ఇచట సందేహమునకు తావెక్కడ? శకుంతల ఆ దినమున పోవుట నిశ్చయము. నిశ్చయమగుటచేతనే ఆ వృద్ధుని కంఠము గద్గదమైనది.

ఈ పాతమాటను సస్పెన్సునకు వాడుట తప్పని కొందరు సంస్కృతపండితులందురు. మాకట్లు తోచదు. లోకము ఈ మాటను చేపట్టిన తీరు గమనింపదగినది. వార్తాపత్రికలు ఎన్నికల ఫలితములను గూర్చియు క్రికెట్టు ఆటను గూర్చియు వ్రాయుచు ఉత్కంఠ 'వీడిన'దనును. వీడుట ముడికి చెందిన క్రియ. చిక్కుముడి వీడును, కొప్పు వీడును. అరిస్టాటిలు తన కావ్యశాస్త్రమున నాటకకథకు ముడివేయుట, ముడివిప్పుట అని రెండు భాగములను చెప్పినాడు. ఆ గ్రంథమును చూచియుండని విలేఖరి కలమున అదే రూపకము వెలసినది. ఊపిరి బిగబట్టి చూచితిమనుటలోను, నరములు తెగునంత ఉత్కంఠ యనుటలోను తెలియమిని గూర్చిన ప్రస్తావన లేదు. బిగువును గూర్చియే యున్నది. జనవ్యవహారము ఈ విషయమున మన విమర్శకంటె సరిగా నడచినదని ఒప్పుకొనవలెను.

ఆలంకారికులు ఈ భావమును ఎరుగనివారు కారు, కాని దానిని ఒకచోట చెప్పలేదు. వ్యభిచారిభావములు ముప్పదిమూటిలో ఔత్సుక్యమొకటి. కాలవిలంబమును ఓర్వలేకుండుట దాని లక్షణమని దశరూపకకర్త ధనంజయుడు చెప్పినాడు. ఇది సస్పెన్సునకు ఎంతో సమీపమున నున్నది. అయితే ఔత్సుక్యము పాత్రకు చెందినది, సస్పెన్సు ప్రేక్షకునిది. ప్రేక్షకుని పక్షమునుండి చూచినచో కార్యావస్థలలో మూడవదియగు ప్రాప్త్యాశ మరింత దగ్గర. ఉపాయము కలదు, అపాయశంకయు కలదు. ఈ రెంటినడుమ ఫలము ఊగుచుండుట ప్రాప్త్యాశ. గర్భసంధియందు బీజము దొరకును, చేజారును, మరల వెదకబడును. ఇంతకంటె చక్కని నిర్వచనము పాశ్చాత్యులయందును వెంటనే దొరకదు. ఇచటను ఫలము సందిగ్ధమని శాస్త్రము చెప్పలేదు. నాటకము ఫలాగమముతో ముగియునని ప్రేక్షకునకు ముందే తెలియును. శంక ఫలమును గూర్చినది కాదు, దారిని గూర్చినది.

పాశ్చాత్యవిమర్శలోను ఈ చర్చ పాతదే. 1767-69 సంవత్సరములలో వెలువడిన తన నాటకవిమర్శలో లెస్సింగు, నాంది వంటి ప్రస్తావనలోనే కథాంతమును చెప్పివేయు యూరిపిడీసును సమర్థించినాడు. మన కాలమున చలనచిత్రదర్శకుడు హిచ్‌కాక్ 1962లో త్రూఫోతో జరిపిన సంభాషణలలో చెప్పిన దృష్టాంతము ప్రసిద్ధము. బల్లక్రింద బాంబున్నదని ప్రేక్షకునకు చెప్పక పేల్చినచో పదునైదు క్షణముల అదరుపాటు కలుగును. చెప్పి, బల్లచుట్టు కూర్చున్నవారిచేత పొద్దుపోని కబుర్లాడించినచో పదునైదు నిమిషముల ఉత్కంఠ కలుగును. 1989లో గెరిగ్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు చేసిన ప్రయోగములు మరింత చిత్రమైనవి. అమెరికా మొదటి అధ్యక్షుడు వాషింగ్టను అనుట ఆ దేశమున పసివారికిని తెలిసినదే. అయినను అతడు ఆ పదవిని వద్దనునేమో యన్నట్లు నడపిన కథనమును చదివినవారు, అతడు అధ్యక్షుడైనాడను వాక్యము నిజమని చెప్పుటకు ఎక్కువ కాలము తీసికొన్నారు. తెలిసిన విషయమును కథనము క్షణకాలము పక్కకు నెట్టగలదన్నమాట.

మీర్ స్టెర్న్‌బెర్గ్ అను విమర్శకుడు 1978నుండి చేయుచు వచ్చిన విభాగము మాకు ఉపయోగపడినది. జరిగిపోయినదానిని గూర్చి తెలియగోరుట కుతూహలము. జరుగబోవుదానిని గూర్చి బిగపట్టి నిలుచుట ఉత్కంఠ. తలవనితలంపుగా తెలియుట విస్మయము. మూడింటికిని తెలుగులో మంచి మాటలున్నవి. ఉన్న మాటలను కలగాపులగము చేయుటయే మన లోపము.

ఈ దృష్టితో కళాపూర్ణోదయమును చూతము. పదునారవ శతాబ్దిలో పింగళి సూరన నిర్మించిన యీ కావ్యము అష్టాశ్వాసములలోను కథను ముందువెనుకలుగా పేర్చినది. ద్వారకలో ఉయ్యాలలూగు కలభాషిణితో కథ మొదలగును. బ్రహ్మసరస్వతుల సరసమున పుట్టిన మూలకథ మనకు చాల ఆలస్యముగా అందును. నలకూబరునికొరకు కలభాషిణి రంభారూపమును దాల్చును; రంభకొరకు మణికంధరుడు నలకూబరరూపమును దాల్చును. ఇద్దరు రంభలు ఎదురుపడి కలహించినపుడు ఎవరెవరో, ఎందులకో, ఎట్లో తేలుట ఆ తరువాతి మాట. పసికందగు మధురలాలస నోట పూర్వకథ వెలువడునపుడు పాఠకునకు కలుగునది ఏమి? ఇట్లు జరిగినదా యను తృప్తి, ఔరా యను విస్మయము. అయ్యో ఏమగునో యను బిగువు కాదు. జన్మజన్మాంతరముల దారములను కవి చిక్కుపడనీయక అల్లిన నేర్పునకు మేము నమస్కరింతుము. ఆ నేర్పు కుతూహలమును పోషించునది. కలభాషిణి బలియగు ఘట్టముననైనను మన మనస్సు ఆమెకొరకు కొట్టుకొనుటకంటె ఇది ఎచట అతుకునో యని లెక్క కట్టుచునే యుండును. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో కవిత్వతత్త్వవిచారమున ఈ కావ్యమునకు గొప్ప గౌరవమును కల్పించినాడు. తరువాతివారు ఆ గౌరవమునకు సస్పెన్సను పేరును తగిలించుట అనవసరము. అపరాధపరిశోధననవలతో దీనికి గల పోలికయు ఇట్టిదే. కొమ్మూరి సాంబశివరావు యుగంధరుడు హంతకుని వెదకునపుడు హత్య జరిగియేపోయినది. పాఠకునిది ప్రధానముగా కుతూహలము. హంతకుడు రెండవవాని ఇంటి మెట్లెక్కునపుడు మాత్రమే ఉత్కంఠ మొదలగును.

తెలిసిన కథలో ఉత్కంఠ యెట్లు కుదురునో చూడగోరువారు గజేంద్రమోక్షమును చూడవచ్చును. పేరులోనే ఫలము చెప్పబడినది. పోతన విష్ణుని కదలించి, వెంటనే మకరి కంఠమున చక్రమును వేయింపడు. ఎచటికో చెప్పక పోవుచున్న భర్తను అడుగబోయి, అడుగలేక, ముందునకు అడుగిడి, ఆగి, తడబడు లక్ష్మిపై చూపు నిలుపును. ఇది ప్రాసంగికసౌందర్యమని వ్యాఖ్యాతలు మెచ్చుకొందురు. సౌందర్యమే, కాదనము. కాని మడువులో ఏనుగు ఓపిక సన్నగిల్లుచున్నదని మనకు తెలిసియుండగా ఆ తడబాటులోని ప్రతి యడుగును మనకు బరువగును.

మా వాదమునకు ప్రధానాధారము విరాటపర్వము. అజ్ఞాతవాసము నెగ్గినదని తెలియని తెలుగువాడు లేడు. వానలు వెనుదీసినయేట గ్రామములలో విరాటపర్వమును చదివించు ఆచారమున్నది. ఆకాశమును చూచుచు వినువారందరు ఆ కథను అంతకుముందు విన్నవారే. మరి వారిని కట్టిపడవేయునది ఏది?

పందెము యొక్క నిబంధనయే మొదటి బంధము. పదుమూడవయేట గుర్తింపబడినచో మరల పండ్రెండేండ్ల వనవాసము. దీనిచే ప్రతి పరాక్రమమును అపాయమగును. సభలో కీచకుడు ద్రౌపదిని పరాభవించినపుడు భీముని బలమే పాండవులకు శత్రువు. అతని చూపు చెట్టుమీదికి పోవుటను ధర్మరాజు గమనించి, వంటవాడు కట్టెలను గూర్చి యోచించుచున్నాడన్నట్లు మాట పెట్టి వారించినాడు. ఎదుట భీముడున్నాడు, ఎదుట చెట్టున్నది. కొట్టుటకు కావలసినవన్నియు ఉండి కొట్టరాకుండుట ఇచటి బిగువు. వినువానికి తెలియనిది ఒక్కటియు లేదు.

నర్తనశాలలో కవి చేసినది మరియు నిశితము. చీకటిలో పానుపుపై ఉన్నది భీముడని మనకు తెలియును, కీచకునకు తెలియదు. హిచ్‌కాక్ బల్లక్రిందనుంచిన బాంబు ఇచట పానుపుమీద నున్నది. అలంకరించుకొనుచున్న కీచకునకు కాలము దీర్ఘమైనట్లు తోచినదని వ్యాసుడు చెప్పినాడు. తిక్కన అతని విరహమును పెంచి వర్ణించినాడు. ఆ వర్ణనమును అనౌచిత్యమనువారు కలరు. వారు ఒక విషయమును గమనింపలేదు. కీచకునిది పాత యర్థమున ఉత్కంఠ, ప్రియావిరహము, కాలము గడువమి. మనది కొత్త యర్థమున ఉత్కంఠ. అతడు ఎంత తహతహపడునో మన బిగువు అంత పెరుగును. ఒకే పగలు ఇరువురికిని గడువదు; కారణములు వేరు. ఈ రెండర్థములు ఒకే పదమున ఇముడుట భాషాప్రమాదము కాదని మేము తలచుట కిదియే హేతువు.

వధతో బిగువు వీడలేదు, పెరిగినది. ఉపకీచకులు ద్రౌపదిని శవముతో కట్టి మోసికొనిపోవునపుడు ఆమె పాండవుల రహస్యనామములను ఎలుగెత్తి పిలిచినది. ఆ పేర్లు వినబడవలెను, అర్థము కారాదు. ఆ వెనుక ఊరు భయపడినది. సుదేష్ణ ఆమెను వెడలిపొమ్మన్నది. వ్యాసభారతమున ద్రౌపది కోరినది పదుమూడు దినముల గడువు. అంతకుముందు భీముడు ఆమెను నెలన్నర ఓర్చుకొమ్మన్నాడు. నెలన్నర పదుమూడు దినములగుటను మూలకర్త వ్యాఖ్య లేక చూపినాడు.

ఇంతవరకు సందేహవాదులు కొంత ఒప్పుకొన్నను, ఉత్తరగోగ్రహణమున వారికి చిక్కు వచ్చును. పదుమూడవయేటి చివరనే సుశర్మ గోవులను పట్టెనని వ్యాసుడు ముందే చెప్పివైచినాడు. కనుక అర్జునుడు గాండీవము చేపట్టినపుడు శ్రోతకు గడువును గూర్చిన శంక లేదు. శంక దుర్యోధనునిది. వచ్చినవాడు అర్జునుడేయైనచో పాండవులు మరల అడవికి పోవలెనని అతడు ఆశపడును. అపుడు భీష్ముడు లెక్క విప్పినాడు. ప్రతి యైదేండ్లకు రెండు మాసములు అధికముగా వచ్చును. ఆ ప్రకారము పదుమూడేండ్లకు అయిదు మాసములు, పండ్రెండు రాత్రులు ఎక్కువైనవి. గడువు ముగిసినది. కురుసేనలో ఇంక తెలియవలసినది ఏమియు మిగులలేదు. లెక్క అంతయు విని దుర్యోధనుడు పాండవులకు రాజ్యమీయనన్నాడు. సందేహము ఆ నిమిషముననే తీరినది. ముడి మాత్రము ఉద్యోగపర్వమునకు పోయినది.