సైరంధ్రి కొలువు

కీచకవధ అనగానే మనకు నర్తనశాల, చీకటి, భీముని పిడికిలి స్ఫురించును. తిక్కన విరాటపర్వమును గూర్చిన చర్చ ఎక్కువగా ఆ రాత్రి చుట్టునే తిరుగుచుండును: కీచకుని విరహము శృంగారమా, శృంగారాభాసమా, వలలుని మాటలలో హాస్యమెంత, రౌద్రమెంత. ఈ చర్చలు వ్యర్థములని నేననను. కాని వధకు ముందు అందులో మరొక కథ ఉన్నది. అది పరుల ఇంట పనిచేసి బ్రతుకు స్త్రీ కథ.

సుదేష్ణ కొలువులో చేరునాడే ద్రౌపది తన నియమములు చెప్పుకొన్నది. ఎంగిలి ముట్టదు, పాదములు కడుగదు. తనను కోరిన పరపురుషుని గంధర్వపతులు బ్రతుకనీయరు. రాణి ఒప్పుకొన్నది. కీచకుడు ఆ రాణికి సోదరుడు, రాజునకు సేనాపతి. అతని కామము కంటె నన్ను కలతపెట్టునది, మద్యము తెమ్మని సైరంధ్రిని అతని ఇంటికి పంపిన రాణి ఆజ్ఞ. వేరొక దాసిని పంపుమని ఆమె వేడుకొన్నది. అయినను పాత్ర ఆమె చేతికే వచ్చినది. పైకి అది దాసి చేయదగిన పనియే. చేయనన్నచో అవిధేయత, చేసినచో ఆపద. ఏ చట్టమునకును సులభముగా దొరకని ఈ మెలికలోనే కథ బలమంతయు ఉన్నది.

చేయి పట్టిన కీచకుని త్రోసి ఆమె పరుగెత్తినది రాజసభకు. అతడు వెంటపడి సభలోనే, రాజు చూచుచుండగానే తన్నినాడు. వ్యాసుని విరాటుడు చెప్పిన సమాధానము గమనింపదగినది: మీ కలహము నా పరోక్షమున జరిగినది, తత్త్వమెరుగక నేనేమి చెప్పగలను? కన్నుల యెదుట పడిన తన్నును విడిచి, కానరాని కలహమునకు సాక్ష్యమడిగినాడు! కంకుడు జూదమునకు విఘ్నమగుచున్నదని ఆమెను లోపలికి పొమ్మన్నాడు. నటుని గూర్చి, జూదరిని గూర్చి ఆమె ఇచ్చిన ప్రత్యుత్తరములోని ధ్వనిని మనము మెచ్చుకొందుము. అది న్యాయము దొరకని వ్యక్తి నోటి మాట యని మాత్రము మరచెదము.

ఉపకీచకులు కూడ చచ్చిన పిమ్మట రాజు రాణిచేత ఆమెకు చెప్పించినది ఒక్కటే: మా నగరము విడిచి పొమ్ము. నేరస్థుడు చచ్చెను, కొలువు పోవలసినది మొరపెట్టినదానికి.

1963లో వచ్చిన ‘నర్తనశాల’ చిత్రమున సావిత్రి సైరంధ్రి, రంగారావు కీచకుడు. ఆ కీచకుని ఠీవి నేటికిని మన కన్నులలో నిలిచియున్నది. అది నటుని గెలుపు. కాని సుదేష్ణను, విరాటుని మనము అంతగా తలచుకొనము.

ఈ దేశమున చట్టము చాల ఆలస్యముగా వచ్చినది. 1992లో రాజస్థానమున బాల్యవివాహమును ఆపబూనిన ప్రభుత్వ కార్యకర్త భన్వరీ దేవిపై అత్యాచారము జరిగినది. దాని పర్యవసానముగా స్త్రీసంఘములు సుప్రీంకోర్టు నాశ్రయింపగా 1997లో విశాఖ తీర్పు వెలువడినది, 2013లో చట్టమైనది. అందు నిషిద్ధమైన చేష్టలలో మొదట పేర్కొన్నది ఇష్టములేని స్పర్శ. 10 మందికి తక్కువ కాని కార్యాలయమున విచారణ సంఘముండవలెను. ఇండ్లలో పనిచేయు స్త్రీలు జిల్లాలోని స్థానిక సంఘమునకు చెప్పుకొనవచ్చును. అనగా సైరంధ్రియు ఈ చట్టములోనిదే!

నేను చదివిన నేటి ఉద్యోగినుల కథలలో పెక్కింట కీచకుడున్నాడు. చివర ఒక చెంపదెబ్బయో, రాజీనామాయో ఉన్నది. చెంపదెబ్బ భీముని గదకు చుట్టము. ‘సర్దుకొమ్మా’ అని ఫైలు చేతికిచ్చి అధికారి గదిలోనికి పంపు పెద్దమ్మ, ‘నేను చూడలేదు’ అను ప్రక్క బల్ల గుమాస్తా అరుదు. ఫిర్యాదు వ్రాసి ఇచ్చిన మరునాటి ఉదయము ఇంకను అరుదు. కీచకుని చిత్రించుటకు కోపము చాలును. సుదేష్ణను చిత్రించుటకు ఆమె భయమేమో కూడ తెలియవలెను.

వెళ్లుమన్న రాణిని సైరంధ్రి 13 దినముల గడువడిగినది. ఆమెను చూచి జనులు వీధిలోనే తొలగిపోవుచుండిరి. అట్టి నగరమున, అదే రాణికి కురులు దువ్వుచు, మాలలు కట్టుచు ఆ 13 దినములు ఆమె ఎట్లు గడపినదో కథ విస్తరింపదు. వెంటనే గోగ్రహణము వైపు సాగిపోవును.