ముడి వేసిన బాణం

నక్క తోక తొక్కొచ్చాడంటారే, ఆ అదృష్టం మా బాంబూఫ్లాట్‌లో ఎవరికీ పట్టదు. అండమాన్‌లో నక్కే లేదు. కాబట్టి ఎర్రకోటు తొడుక్కుని, గుర్రమెక్కి, బూర ఊదుతూ వేటకుక్కల్ని ఉసిగొల్పే దొరల వేడుక ఇక్కడ సాగలేదు. ఊటీలో సాగింది. అక్కడ ఇంగ్లండు నక్క దొరక్క, వెన్‌లాక్ డౌన్స్ గడ్డి మైదానాల మీద మన ఊరి నక్కనే తరిమి సంతోషపడ్డారు. ఒక్క నక్క మీదికి అన్ని గుర్రాలు, అన్ని కుక్కలు! దాన్ని వేట అనడానికి నాకు నోరు రాదు.

వేట అంటే మా జెట్టీ వెనకాల కొండ మీద జరిగింది. ఇప్పుడు మౌంట్ మణిపూర్ అంటున్న మౌంట్ హారియట్ అడవీ, ఈ రేవు చుట్టుపక్కల నేలంతా ఒకప్పుడు అకా-బియా వాళ్లది. గ్రేట్ అండమానీయుల్లో వాళ్లదొక తెగ. వాళ్ల గుర్రం వాళ్ల కాళ్లే. కుక్క సంగతి మాత్రం విచిత్రం. 1858లో బ్రిటిష్ వాళ్లు ఖైదీల కాలనీ పెట్టేదాకా ఈ దీవుల వాళ్లకు కుక్క అంటే ఏమిటో తెలియదు. తెలిశాక ఇక వదల్లేదు. దొర ఇచ్చిన వాటిలో వాళ్లకు నిజంగా పనికొచ్చింది ఇదొక్కటేనేమో. మిగతావి రోగాలు. 1877 తట్టు ఒక్కటి చాలు చెప్పుకోవడానికి.

వానాకాలం పందుల కాలం. పొద్దున్నే ఇద్దరో, ముగ్గురో, మహా అయితే ఐదుగురో బయల్దేరేవాళ్లు. మాటల్లేవు. బురదలో తాజా గిట్టల జాడ కనిపించేదాకా నడక. జాడ దొరికాక పని కుక్కది. అది వాసన పట్టి, పందిని ఏ చెట్టు మొదట్లోనో నిలేసి మొరిగేది. ఆ మొరుగు ఎటు నుంచి వస్తోందో పోల్చుకుని, పేము ముళ్లలోంచి చప్పుడు కాకుండా దూరి, బాణం వేసేంత దగ్గరికి చేరాలి. 1906 నుంచి రెండేళ్లపాటు ఈ జనం మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ వాళ్ల న్యాయం కూడా రాసి పెట్టాడు. ఎవరి బాణం ముందు గుచ్చుకుని నిలిస్తే పంది వాళ్లది. రాసుకుంటూ పోయిన బాణానికి వాటా లేదు. ఎంత ముచ్చటైన తీర్పు!

ఇక ఆ బాణం. దీని గురించి మాట్లాడమంటే నేను పొద్దుగూకేదాకా మాట్లాడతాను. పంది బాణానికి ములికి విడిగా ఉంటుంది. కర్ర కొసన ఒక గూడు, అందులో ముల్లున్న ములికి ఒదిగి కూర్చుంటుంది. రెంటికీ మధ్య పొట్టి తాడు, చుట్టి ఉంటుంది. దెబ్బ తగలగానే పంది పొదల్లోకి దౌడు తీస్తుంది. ములికి ఒంట్లో ఉండిపోతుంది, కర్ర ఊడి తాడు విప్పుకుంటుంది. వెనకాల ఈడ్చుకుంటూ పోయిన కర్ర రెండు తీగల మధ్య అడ్డం పడుతుంది. అంతే, పంది కదల్లేదు. అండమాన్ అడవి ఎంత చిక్కగా ఉంటే ఆ బాణానికి అంత బలం. దారికి అడ్డమని మనం నరికే తీగల్నే వాళ్లు వేటకు తోడు తెచ్చుకున్నారు. శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చిన మా నాన్న వల మనిషి, ముళ్ల సంగతి తెలిసినవాడు. మ్యూజియం అద్దంలో ఆ బాణాన్ని చూసి, “ఇది కట్టినోడు సముద్రాన్నీ ఎరిగినోడే” అన్నాడు.

విల్లు తీరే వేరు. పాము ఒళ్లు విరిచినట్టు రెండు వంపులు, నడుమ పట్టు సన్నం, అటూ ఇటూ తెడ్డులా వెడల్పు. బాడిసతో చెక్కేవాళ్లు. నునుపు చేయడానికి చిత్రిక ఏదనుకున్నారు? పంది కోర. పందిని కొట్టే విల్లుకు పంది పన్నే నునుపు తెచ్చేది! నారి అడవి తీగ నారతో పేని, నల్ల మైనం పట్టించేవాళ్లు. ఇనుము రాకముందు ములికి గవ్వతోనట, తర్వాత పగిలిన ఓడల ఇనుమట. 1890లలో పోర్ట్‌మన్ అనే అధికారి ఇలాంటి పనులు చేసే చేతుల్ని ఫోటోలు తీసి దాచాడు. ఆ చేతులకు పేర్లు ఉండే ఉంటాయి. మనం వాటిని చేతిపనుల పురస్కారాల జాబితాల్లో ఎప్పుడైనా చూశామా?

1858లో వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 2011 జనాభా లెక్కల్లో 44 మంది. మరో తెగ ఓంగీలు 101. ఇదీ లెక్క. ఇక ఇంకో తెగ జరవాల రిజర్వు అడవిలోకి దొంగతనంగా దూరి తీగ ఉచ్చులు పెట్టేవాళ్లు తామూ వేటగాళ్లమే అంటారు. ఉచ్చు పెట్టి ఇంటికెళ్లి పడుకునేవాడు వేటగాడా? వాడికి జాడ తెలియదు, గాలి తెలియదు, ఉచ్చులో పడింది చూలుపందో పిల్లో తెలియదు. ఇంతకన్నా మండేది ఇంకొకటుంది. తెల్లవారక ముందే కార్లు జిర్కటాంగ్ గేటు దగ్గర వరస కడతాయి. బరాటాంగ్ గుహలు చూడ్డానికట. గుహల మీద ఎవరి కన్నూ లేదు, దారిలో జరవాలు కనిపిస్తారేమోననే. రిజర్వులోంచి వెళ్లే ఆ రోడ్డు మూసెయ్యమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. జరవా ఆడవాళ్లను ఆడించి తీసిన వీడియో 2012లో ప్రపంచమంతా తిరిగింది. ఈ కార్ల వరసను చూస్తే ఊటీ ఎర్రకోట్లే నయమనిపిస్తుంది. వాళ్లు తరిమింది నక్కనే కదా.

మొన్నామధ్య ఒక కొట్లో “అసలైన ఆదివాసీ విల్లు” అని రంగుకాగితంలో చుట్టి ఇచ్చారు. వార్నిష్ కంపు. నారికి నైలాన్ దారం. ములికి జిగురుతో అంటించారు, గూడూ లేదు, తాడూ లేదు. ఇంటికొచ్చేసరికి ములికి జేబులో ఉంది. కోపమొచ్చి ఒక ఆదివారం కూర్చున్నాను. కర్ర కొస తొలిచి గూడు చేశాను, నాన్న వల పెట్టెలోంచి తాడు తీసి ములికికి కట్టాను. ముల్లు గుచ్చుకోకుండా గుడ్డ చుట్టి ఎండలో పెట్టి అటు తిరిగానో లేదో, పక్కింటి కుక్క ఆ గుడ్డముక్కను నోట కరుచుకుని మందార కంచెలోంచి లంకించుకుంది. కర్ర ఊడింది, తాడు విప్పుకుంది. రెండు కొమ్మల మధ్య కర్ర అడ్డం పడింది. కుక్క అవతల ఆగిపోయి, గుడ్డ వదలకుండానే నా వంక చూస్తూ గుర్రుమంది.