ఎవరి మాటలు లెక్కపెట్టారు?

పేదతల్లులు పిల్లలతో మాట్లాడరనీ, అందుకే ఆ పిల్లలు వెనకబడతారనీ ఒక వాదం శాస్త్రం వేషంలో తిరుగుతోంది. దాన్ని తెచ్చి మా వాడలకు అంటగట్టడం చాలా తేలిక. కాబట్టి మేం ముందుగా అడుగుతున్నాం: లెక్కపెట్టిందెవరు? ఎవరి మాటల్ని?

అమెరికాలోని కాన్సాస్‌లో హార్ట్, రిస్లీ 42 కుటుంబాల్లో నెలకో గంట మాటలు రికార్డు చేసి 1995లో పుస్తకం వేశారు. మూడేళ్లు నిండేసరికి పేదపిల్లల చెవిన పడే మాటలు మూడు కోట్లు తక్కువని తేల్చారు. ప్రభుత్వ సాయం మీద బతికే కుటుంబాలు అందులో ఆరే. ఆ ఆరూ నల్లవాళ్లవి. 2019లో డగ్లస్ స్పెరీ, సహచరులు దీన్ని తిరగదోడారు. తల్లి ఒక్కతే కాదు, బిడ్డను సాకేవాళ్లందరి మాటలూ, చుట్టూ వినబడే మాటలూ కలిపితే లెక్క మారిపోయింది. అవ్వ, అక్క, పక్కింటి పిన్నమ్మ కలిసి పెంచే ఇళ్లు మాకు కొత్తవా?

అలాగని అంతా బాగుందని మేం అనం. ఎయిన్స్‌వర్త్ ఉగాండాలో 26 కుటుంబాల్ని చూసి 1967లో రాసిన పుస్తకంలో మాటల సంఖ్య అసలు సంగతి కాదు. బిడ్డ పిలుపును తల్లి పట్టించుకోవడం, బిడ్డ గురించి ఆమెకు ఎంత తెలుసన్నదీ ముఖ్యం. ఏడిస్తే ఎవరో ఒకరు పలకాలి. పలకడానికి తీరిక కావాలి. నాట్లకు పోయిన తల్లి పొద్దుగూకి వస్తే ఆ తీరికను మింగిందెవరు? ఆమె మనసా, ఆసామి పొలమా?

ఈ సిద్ధాంతాలు తల్లీబిడ్డల మధ్య మాటను కొలుస్తాయి. బిడ్డ వింటుండగా తల్లి మీద పడే మాటను కొలవవు. నెరిసిన తల దళిత స్త్రీని మీసం మొలవని ఆసామి కొడుకు 'ఒసే' అంటాడు. ఆమె 'అయ్యా' అంటుంది. చంకలో బిడ్డ రెండూ వింటుంది. తనను కాపాడాల్సిన మనిషి అక్కడ తల వంచుకోవడం చూస్తుంది. అనుబంధమంటే భద్రత అని బౌల్బీ రాశాడు. కులం ఆ భద్రతకు ఏం చేస్తుందో ఏ ప్రయోగశాల చూసింది?

2005 ఉపాధి హామీ చట్టం పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురుంటే చూసుకోడానికి ఒక మనిషిని పెట్టాలంది. అది దయ కాదు, బిడ్డ పిలుపుకు జవాబు చెప్పే హక్కు. తల్లికి మాటలు నేర్పే శిబిరాలు మాకొద్దు. ఆమెకు కూలీ, తీరిక, 'మీరు' అనే మర్యాద ఇవ్వండి. బిడ్డతో ఏం మాట్లాడాలో ఆమెకు తెలుసు.