క్రియ ఏడుంది మామా?

“మేం ఫ్యాక్టరోళ్లం.” బోధన్ శక్కర్‌నగర్‌లో ఒక పెద్దాయన అన్న మాట ఇది. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆయన ఇప్పటికీ అట్లనే చెప్పుకుంటాడు.

ఆ వాక్యాన్ని మా మేనల్లుడికిచ్చాను. కంప్యూటర్‌కు తెలుగు నేర్పడానికి, వాక్యంలో ఏ మాట దేని మీద ఆధారపడిందో బాణాలు గీసి చూపడం వాడి పని. “క్రియ ఏడుంది మామా? బాణం దేనికి గట్టాలె?” అంటూ ‘శూన్యం’ అని ఓ గడి పెట్టి, ఉన్న రెండు మాటల్నీ దానికి వేలాడదీశాడు. ఒళ్లు మండింది. అనని మాట రాయొద్దన్నది నా పాత పాట.

తప్పు వాడిది కాదు. పాణినీయ కారకాల చట్రంలో ఆ బాణాలన్నీ కలిసి ఒక చెట్టు, దానికి క్రియే వేరు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లూ ఆ దారినే నడిచి, క్రియ లేనిచోట శూన్యాన్ని నిలబెట్టారు. పలకకపోయినా ‘అస్తి’ (ఉంది) అన్న క్రియ ఉన్నట్టేనని వార్తికకారుడు కాత్యాయనుడు ఎప్పుడో అన్నాడు. ఉర్దూకు ‘హై’ ఉంది, మరాఠీకి ‘ఆహే’ ఉంది. బోధన్ బస్టాండులో రెండూ వినిపిస్తాయి. మనకెందుకు? ‘ఫ్యాక్టరోళ్లం’ చివరి సున్నే ‘మేం’తో జత కట్టేసింది. నువ్వయితే ‘ఫ్యాక్టరోనివి’. పైగా శూన్యంలో ‘ఉన్నాం’ అనుకోవాలా, ‘ఉండేవాళ్లం’ అనుకోవాలా? పెద్దాయన ఆ లెక్క తేల్చలేదు, తేల్చాలనీ అనుకోలేదు.

యూనివర్సల్ డిపెండెన్సీస్ పద్ధతిలో ఈ పేచీ లేదు, ఇలాంటి వాక్యంలో నామమే చెట్టుకు వేరు. ఆ పద్ధతిలో తారక రామ, సౌమ్య వజ్జల తెలుగుకో ట్రీబ్యాంకు, అంటే బాణాలు గీసిన వాక్యాల నిధి, కట్టారు. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ 1985లో తెచ్చిన వ్యాకరణం నుంచి ఏరిన వాక్యాలతో మొత్తం 1,328. అదే చూపించి గెలిచాననుకున్నాను.

“మరి కాదంటే?” అన్నాడు వాడు.

‘ఫ్యాక్టరోళ్లం కాము’. ‘ఫ్యాక్టరోళ్లమైతే’. ‘ఫ్యాక్టరోళ్లమైనా’. వాక్యాన్ని కాస్త వంచితే చాలు, ‘అవు’ ధాతువు తల బయట పెడుతోంది. కాను, కావు, కాము, కారు అని పురుషల వారీగా మారుతోంది కూడా. మాటల్లో అందరికీ ఒక్క ‘కాదు’తోనే సరిపెట్టేస్తున్నామని వాదించి చూశాను. ‘అయితే’ దగ్గర ఆ వాదన చెల్లలేదు.

గడి ఉండనిమ్మన్నాను. అందులో ధాతువు దగ్గర వాడు రాసిన ‘ఉండు’ కొట్టేసి ‘అవు’ రాయమన్నాను, కాలం దగ్గర ఏమీ రాయొద్దన్నాను. కాలం నింపకపోతే సాఫ్ట్‌వేర్ తీసుకోదట.