ఖాళీగా ఉన్న రెండో మెట్టు

శిల్పమంటే ఉన్న మనిషిని చూపించేదని అనుకుంటాం కదూ! లేని మనిషిని చూపించే శిల్పం ఒకటి అమెరికాలో, శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ ఆవరణలో 2005లో వెలిసింది.

1968 మెక్సికో ఒలింపిక్స్‌ని బహిష్కరించాలని అమెరికా నల్లజాతి క్రీడాకారులు కొందరు తలపెట్టారు. అది సాగలేదు. 200 మీటర్ల పరుగులో మొదటివాడు టామీ స్మిత్, మూడోవాడు జాన్ కార్లోస్ జోళ్లు విప్పేసి, నల్ల మేజోళ్లతో వేదికెక్కి, తలలు వంచి, నల్ల గ్లవ్ తొడిగిన పిడికిళ్లెత్తారు. ఇద్దర్నీ ఆటలనుంచి వెళ్లగొట్టారు.

శిల్పంలో వాళ్లిద్దరే. రెండో మెట్టు ఖాళీ. అక్కడ నిలబడ్డ తెల్లవాడు, ఆస్ట్రేలియాకి చెందిన పీటర్ నార్మన్. పిడికిలెత్తలేదు గానీ వాళ్ల ఉద్యమం బాడ్జీ గుండెమీద పెట్టుకున్నాడు. చూడవచ్చినవాళ్లు తన చోట నిలబడాలని, తన బొమ్మ వద్దన్నదీ ఆయనే.

ఊహ గొప్పదే. కానీ ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ మెట్టెక్కి ఫోటో దిగడానికి మనకేం ఖర్చవుతుంది? నార్మన్ మళ్లీ ఒలింపిక్స్‌లో పరిగెత్తలేదు. ఆయన 2006లో పోతే, ఆస్ట్రేలియా పార్లమెంటు క్షమాపణ చెప్పింది 2012లో! శవపేటిక మోసినవాళ్లలో స్మిత్, కార్లోస్ ఉన్నారు. ఈ ఖరీదంతా ఆ శిల్పం చెప్పదు. అది లోపమే.

వాషింగ్టన్ మ్యూజియంలో ముగ్గురూ ఉన్న శిల్పముంది. చూసి, మెచ్చుకుని వచ్చేస్తాం. ఈ ఖాళీ మెట్టు మాత్రం అంత తేలిగ్గా వదలదు. అన్యాయం పక్కవాళ్లది, కష్టం మాత్రం నీకూ వస్తుందంటే, అప్పుడూ నిలబడతావా అమ్మా అని అడుగుతుంది. అందుకే, లోపంతో సహా, నాకిదే నచ్చింది.