హిట్ లేకుండా ఒక పరుగు

1965 సెప్టెంబరు 9 రాత్రి లాస్ ఏంజెలస్‌లోని డాడ్జర్ స్టేడియంలో ఒక పరుగు వచ్చింది. ఆ ఏడాది డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు ఎలాంటిదో తెలియాలంటే ఆ పరుగు వచ్చిన తీరు ముందు తెలియాలి.

అది ఐదో ఇన్నింగ్స్. షికాగో కబ్స్ పిచ్చర్ బాబ్ హెండ్లీ అప్పటిదాకా ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు, అంటే ఎవరూ బంతిని కొట్టి బేస్ చేరలేదు. లూ జాన్సన్‌కు మాత్రం నాలుగు బంతులు గీత తప్పి పడ్డాయి. నియమం ప్రకారం జాన్సన్ తీరిగ్గా నడుచుకుంటూ మొదటి బేస్‌కు వెళ్ళాడు. తర్వాత వచ్చిన రాన్ ఫెయిర్లీ బ్యాట్ ఊపనే లేదు. దాన్ని అడ్డంగా పట్టుకుని, వచ్చిన బంతిని మెత్తగా ముందుకు జారవిడిచాడు. అతను ఔటయ్యాడు గానీ ఆ సందులో జాన్సన్ రెండో బేస్ చేరిపోయాడు. ఆ కాసేపటికే, పిచ్చర్ చేయి కదిలిందో లేదో, మూడో బేస్ మీదికి ఉరికాడు. క్యాచర్ క్రిస్ క్రుగ్ కంగారుగా విసిరిన బంతి అక్కడి ఫీల్డర్‌కు అందకుండా మైదానంలోకి పోయింది. జాన్సన్ లేచి మళ్ళీ పరుగందుకుని హోమ్ ప్లేట్ తొక్కాడు. బ్యాట్ గట్టిగా ఆడింది లేదు, స్కోరు మాత్రం ఒకటి.

అది చాలింది. డాడ్జర్స్ పిచ్చర్ శాండీ కోఫాక్స్ ఆ రాత్రి వచ్చిన 27 మందినీ వచ్చినట్టే వెనక్కి పంపాడు. అందులో 14 మంది స్ట్రైకౌట్, అంటే మూడేసి స్ట్రైక్‌లు పడి ఔట్. ఆఖరి ఆరుగురు వరసగా. ప్రత్యర్థుల్లో ఒక్కడు కూడా మొదటి బేస్ చేరని ఇలాంటి ఆటను పర్ఫెక్ట్ గేమ్ అంటారు. రెండు జట్లూ కలిపి ఆ మ్యాచ్‌లో కొట్టింది ఒకే ఒక్క హిట్. ఏడో ఇన్నింగ్స్‌లో ఈ లూ జాన్సనే కొట్టాడు, దానివల్ల పరుగేమీ రాలేదు.

క్రికెట్ మాత్రమే తెలిసినవాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. బేస్‌బాల్‌లో ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌కు మూడు ఔట్లు. మైదానంలో నాలుగు మూలలు, అవే బేస్‌లు. మూలకూ మూలకూ మధ్య 90 అడుగులు. నాలుగూ చుట్టి వస్తేనే ఒక పరుగు. బంతిని ప్రేక్షకుల్లోకి కొడితే హోమ్ రన్. చుట్టూ నింపాదిగా తిరిగి రావచ్చు. అమెరికన్లకు హోమ్ రన్ల మొనగాడు బేబ్ రూత్ కాలం నుంచీ పిచ్చి ప్రేమ దాని మీదే. 1965 డాడ్జర్స్ దగ్గర లేనిది కూడా అదే. ఏడాది మొత్తం మీద జట్టంతా కలిసి కొట్టింది 78 హోమ్ రన్లు. రెండు మేజర్ లీగ్‌లలోనూ అందరికన్నా తక్కువ. ఆ జట్టులో ఎవరూ పన్నెండు దాటలేదు. వాళ్ళ ఆగర్భ శత్రువులు శాన్ ఫ్రాన్సిస్కో జయింట్స్‌లో విల్లీ మేస్ ఒక్కడే 52, విల్లీ మకోవీ 39 కొట్టారు. ఇద్దరు మనుషులు కలిసి ఒక జట్టును మించిపోయారు.

ఇది అనుకోకుండా వచ్చిన బలహీనత కాదు. 1964 చివర్లో డాడ్జర్స్ తమ బలమైన హిట్టర్, ఆరడుగుల ఏడంగుళాల ఫ్రాంక్ హోవర్డ్‌ను వాషింగ్టన్‌కు ఇచ్చేసి, బదులుగా క్లాడ్ ఆస్టీన్ అనే ఎడమచేతి పిచ్చర్‌ను తెచ్చుకున్నారు. తమ ఇల్లు ఎలాంటిదో వాళ్ళకు తెలుసు. డాడ్జర్ స్టేడియం పిచ్చర్లకు పుట్టిల్లు. రాత్రిపూట అక్కడి బరువైన గాలిలో ఎత్తుకు లేచిన బంతి దూరం పోయేది కాదు. దానికితోడు కాలం కూడా పిచ్చర్లదే. 1963లో స్ట్రైక్ జోన్‌ను, అంటే బంతి స్ట్రైక్‌గా లెక్కకొచ్చే చోటును, పెంచారు. పిచ్చర్ నిలబడే దిబ్బ అప్పట్లో 15 అంగుళాల ఎత్తు ఉండేది. 1969లో దాన్ని పదికి తగ్గించాల్సి వచ్చిందంటే ఆ మధ్య ఏళ్ళలో బ్యాటర్ల పాట్లు ఊహించుకోవచ్చు. పరుగులు కరువైనచోట ఒక్క పరుగు ధర పెరుగుతుంది. ఆ ఒక్కటీ ఎలా రాబట్టాలో తెలిసినవాడిదే రాజ్యం.

ఆ విద్య మాత్రం కొత్తది కాదు. 1890లలోనే బాల్టిమోర్ ఓరియోల్స్ దాన్ని ఒక శాస్త్రంలా సాధన చేశారు. బంతిని కావాలని నేలకేసి కొట్టేవారు. హోమ్ ప్లేట్ ముందు గట్టిపరిచిన నేల మీద అది ఎత్తుకు లేచి కిందికి దిగేలోపు బ్యాటర్ మొదటి బేస్ చేరేవాడు. మరోపక్క, నల్లజాతి ఆటగాళ్ళకు మేజర్ లీగ్ తలుపులు మూసి ఉన్న రోజుల్లో నడిచిన నీగ్రో లీగ్‌లలో తెగువతో బేస్‌లు దోచుకునే ఆట బతికింది. 1947లో జాకీ రాబిన్సన్ డాడ్జర్స్ చొక్కా తొడుక్కున్నప్పుడు ఆ తెగువ కూడా అతనితో వచ్చింది. ఆ జట్టు అప్పుడు బ్రూక్లిన్‌లో ఉండేది. జట్టును నడిపిన బ్రాంచ్ రికీ ఫ్లోరిడాలోని వీరో బీచ్‌లో శిక్షణ కేంద్రం పెట్టించాడు. అక్కడ గాలిలో దారాలు కట్టి, ఆ చట్రంలోంచి బంతి పంపమని పిచ్చర్లను సాధన చేయించేవారు. ఇసుక గుంటలు తవ్వి బేస్‌లోకి జారడం నేర్పేవారు. ఓ రకంగా గురుకులమే. ఆ పాఠాలను అల్ కాంపనిస్ 1954లో పుస్తకంగా కూడా రాశాడు.

ఆ గురుకులం పంటే మోరీ విల్స్. మైనర్ లీగ్‌లలో ఎనిమిదేళ్ళు నలిగాడు. స్పోకేన్‌లో మేనేజర్ బాబీ బ్రాగన్ చెబితే 1958లో రెండు చేతుల వైపు నుంచీ బ్యాటింగ్ నేర్చుకున్నాడు. మరుసటేడాది పైకి వచ్చాడు. 1962లో 104 బేస్‌లు దొంగిలించి, టై కాబ్ పేరిట 1915 నుంచీ ఉన్న 96 రికార్డును చెరిపేశాడు. ఆ ఏడాది అతనికి కళ్ళెం వేయడానికి శాన్ ఫ్రాన్సిస్కో వాళ్ళు మొదటి బేస్ పక్క నేలను నీళ్ళతో తడిపి బురద చేశారు.

బేస్ దొంగిలించడం అంటే వేగం మాత్రమే అనుకుంటే పొరపాటు. మొదటి బేస్ మీద ఉన్న రన్నర్ రెండో బేస్ వైపు అడుగడుగుగా జరుగుతాడు. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు గీతకు ఎంత దూరం పోవచ్చో కొలుచుకున్నట్టే. ఎక్కువ జరిగితే పిచ్చర్ వెనక్కి విసిరి పట్టేస్తాడు. తక్కువైతే రెండో బేస్ అందదు. పిచ్చర్ కాలు ఎత్తినప్పుడు ఆ బంతి హోమ్ వైపు పోతుందా, తన వైపు వస్తుందా అన్నది రెప్పపాటులో తేల్చుకోవాలి. అందుకు విల్స్ ఒక్కో పిచ్చర్ భుజాన్నీ మడమనూ చదివిపెట్టుకునేవాడు. బేస్ నిజానికి దొంగిలించేది పిచ్చర్ దగ్గరే. క్యాచర్ చేతికి బంతి చేరేసరికి కథ సగం ముగిసి ఉంటుంది. 1965లో విల్స్ అలా 94 సార్లు గెలిచాడు. అన్నిసార్లు నేల మీద జారిన కాళ్ళు ఎంత రక్తం చూశాయో కూడా ఆ అంకెతో కలిపి గుర్తుంచుకోవాలి.

అయితే ఈ కథలో అసలు మనిషి వేరే ఉన్నాడు. జిమ్ గిలియమ్. నీగ్రో లీగ్‌లలో బాల్టిమోర్ ఎలీట్ జయింట్స్‌కు ఆడి వచ్చినవాడు, 1953లో నేషనల్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడు. 1964 తర్వాత ఆట మానేసి కోచ్‌గా కుదురుకున్నాడు. సీజన్ మొదలయ్యాక జట్టుకు మనుషులు చాలక, 36 ఏళ్ళ ఆ కోచ్‌నే మళ్ళీ ఆటలోకి దింపారు.

విల్స్ తర్వాత బ్యాటింగ్‌కు వచ్చేది గిలియమే. అతని పని ఏమిటో వింటే చిత్రంగా ఉంటుంది. మంచి బంతి వచ్చినా కొట్టకుండా వదిలేయడం. విల్స్ ఉరకడానికి సందు దొరికేదాకా ఆగడం. వదిలేసిన ప్రతి మంచి బంతీ బ్యాటర్‌కు ఒక స్ట్రైక్, మూడు పడితే ఔట్. అంటే తన మెడ మీద కత్తి పెట్టుకుని పక్కవాడికి దారి ఇస్తున్నాడన్న మాట. అతను ఎడమవైపు నుంచి బ్యాట్ పట్టినప్పుడు ఇంకో లాభం ఉంది. విల్స్‌ను కనిపెట్టుకుని ఫస్ట్ బేస్‌మన్ బేస్‌కు అతుక్కుని నిలబడాలి. దాంతో కుడి పక్కన పెద్ద సందు తెరుచుకుంటుంది. గిలియమ్ తన వంతు వచ్చినప్పుడు బంతిని సరిగ్గా ఆ సందులోంచి తోసేవాడు. స్కోరు పట్టికలో దీనికి గడి లేదు. విల్స్ దొంగిలించిన బేస్‌లను లెక్కపెట్టారు గానీ గిలియమ్ వదిలేసిన బంతులను ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆ ఇన్‌ఫీల్డ్‌లో ఇంకో విశేషం ఉంది. ఫస్ట్ బేస్‌లో వెస్ పార్కర్, సెకండ్‌లో కొత్త కుర్రాడు జిమ్ లెఫీవ్ర్, షార్ట్‌స్టాప్ విల్స్, థర్డ్‌లో గిలియమ్, నలుగురూ రెండువైపులా బ్యాటింగ్ చేయగలవాళ్ళే. పిచ్చర్ కుడిచేతివాటం అయితే ఎడమవైపు, ఎడమచేతివాటం అయితే కుడివైపు నిలబడతారు. వంపు బంతి తమ నుంచి దూరంగా పోకుండా తమ వైపే వస్తుంది. మేజర్ లీగ్‌లో అలాంటి నలుగురు ఒకేచోట కలవడం అదే మొదలు.

కష్టాలు మే 1ననే మొదలయ్యాయి. రెండుసార్లు లీగ్ బ్యాటింగ్ కిరీటం గెలిచిన టామీ డేవిస్ చీలమండ విరిగింది. అతని స్థానంలోకి వచ్చినవాడే, అప్పటిదాకా మైనర్ లీగ్‌ల చుట్టూ తిరిగిన 30 ఏళ్ళ లూ జాన్సన్. ఆగస్టు 22న జయింట్స్ పిచ్చర్ హువాన్ మరిచల్ డాడ్జర్స్ క్యాచర్ జాన్ రోజ్‌బరో తల మీద బ్యాట్‌తో కొట్టిన ఘటన దేశాన్ని నివ్వెరపరిచింది. సెప్టెంబరు సగానికి జయింట్స్ వరసగా 14 గెలిచి నాలుగున్నర ఆటల ముందున్నారు. అప్పుడు డాడ్జర్స్ 13 వరస విజయాలు సాధించారు. ఆఖరి 16 ఆటల్లో 15 గెలిచారు. అక్టోబరు 2న మిల్వాకీపై 3–1తో లీగ్ పతాకం వాళ్ళదైంది. మొత్తం 97 గెలుపులు, 65 ఓటములు.

ఈ భారం మోసినవి రెండు భుజాలు. డాన్ డ్రైస్‌డేల్ 23 ఆటలు గెలిచాడు. పైగా ఆ జట్టులో .300 సగటుతో కొట్టిన రెగ్యులర్ బ్యాటర్ ఒక్కడూ లేడు, ఆ సగటు అందుకున్నది ఈ పిచ్చరే. కోఫాక్స్ 26 గెలిచాడు, 382 మందిని స్ట్రైకౌట్ చేశాడు. అదీ కీళ్ళవాతం పట్టిన ఎడమ మోచేతితో. ప్రతి ఆట తర్వాతా ఆ చేయి మంచునీళ్ళలో ముంచి కూర్చునేవాడు.

రెండు లీగ్‌ల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్‌లో ఎదురైంది మిన్నెసోటా ట్విన్స్. 102 ఆటలు గెలిచిన, కండబలమున్న జట్టు. అక్టోబరు 6, మొదటి ఆట రోజు యూదుల పవిత్ర దినం యోమ్ కిప్పుర్. యూదుడైన కోఫాక్స్ ఆ రోజు బంతి పట్టలేదు. డాడ్జర్స్ 8–2తో ఓడారు. మర్నాడు కోఫాక్స్ వేసినా 5–1తో మళ్ళీ ఓటమే. లాస్ ఏంజెలస్ చేరాక కథ మారింది. హోవర్డ్‌కు బదులు తెచ్చుకున్న ఆస్టీన్ మూడో ఆటలో ప్రత్యర్థికి సున్నా చుట్టాడు. ఆ బేరం ఎందుకు చేశారో ఆ మధ్యాహ్నం తెలిసింది. డ్రైస్‌డేల్ నాలుగోది గెలిచాడు. ఐదో ఆటలో విల్స్ నాలుగు హిట్లు కొట్టాడు, కోఫాక్స్ 7–0తో ముగించాడు. ఆరోది ట్విన్స్‌ది.

అక్టోబరు 14న ఏడో ఆట. మధ్యలో రెండే రోజుల విశ్రాంతితో కోఫాక్స్ మళ్ళీ దిబ్బ ఎక్కాడు. వంపు బంతి మాట వినడం లేదు. ఇక దాదాపు పూర్తిగా ఫాస్ట్‌బాల్ మీదే ఆధారపడ్డాడు. నాలుగో ఇన్నింగ్స్‌లో లూ జాన్సన్ కొట్టిన బంతి ఎడమ గీత చివరి స్తంభానికి తగిలి హోమ్ రన్ అయింది. ఆ వెంటనే ఫెయిర్లీ డబుల్, పార్కర్ సింగిల్. 2–0.

ఐదో ఇన్నింగ్స్‌లో ట్విన్స్ ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు. ఔటైంది ఒక్కడే. ఆ ఏడాది అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడు జొయ్లో వర్సాలెస్ మూడో బేస్ గీత వెంట బలంగా కొట్టాడు. అది దాటితే పరుగులు ఖాయం. గిలియమ్ కుడిపక్కకు పడుతూ గ్లోవ్ తిప్పి బంతిని ఆపాడు. లేచి మూడో బేస్ తొక్కి రన్నర్‌ను ఔట్ చేశాడు. ఏప్రిల్‌లో కోచ్‌గా ఉన్న మనిషి అక్టోబరులో వరల్డ్ సిరీస్ కాపాడాడు. మూడు హిట్లు మాత్రమే ఇచ్చి, పది మందిని స్ట్రైకౌట్ చేసి కోఫాక్స్ ఆట ముగించాడు.

మరుసటేడాది కూడా డాడ్జర్స్ వరల్డ్ సిరీస్ చేరారు. అక్కడ బాల్టిమోర్ చేతిలో నాలుగుకు నాలుగూ ఓడారు. నాలుగు ఆటల్లో వచ్చినవి రెండే పరుగులు, ఆఖరి 33 ఇన్నింగ్స్‌లో ఒక్కటీ రాలేదు. ఒక్క పరుగు మీద కట్టిన మేడ ఆ ఒక్కటీ రానప్పుడు నిలవదని అప్పుడు తెలిసింది. 1966 నవంబరులో 30 ఏళ్ళకే కోఫాక్స్ తప్పుకున్నాడు. కొద్ది రోజులకే విల్స్‌ను పిట్స్‌బర్గ్‌కు పంపేశారు. 1967లో జట్టు ఎనిమిదో స్థానానికి జారింది.

కోఫాక్స్, డ్రైస్‌డేల్, మేనేజర్ వాల్టర్ ఆల్స్టన్ ముగ్గురికీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. గిలియమ్‌కు దక్కలేదు. డాడ్జర్స్ కోచ్‌గా ఉండగానే 1978 అక్టోబరు 8న చనిపోయాడు. రెండు రోజుల తర్వాత వరల్డ్ సిరీస్ మొదటి ఆటకు ముందు, అతను తొడిగిన 19 నంబరును ఇక ఏ ఆటగాడికీ ఇవ్వబోమని జట్టు ప్రకటించింది. ఆ సిరీస్‌లో డాడ్జర్స్ అందరూ చొక్కాల మీద ఆ అంకె రాసిన నల్ల పట్టీ కుట్టించుకుని ఆడారు.